డబ్బా ఎప్పుడు ఖాళీ అవుతుంది?

అంగడి తెరిచిన మూడో రోజు. ఒక పెద్దాయన మెట్ల కింద నిలబడి మా బోర్డు వైపు చాలాసేపు చూశాడు. నల్ల రేకు మీద బంగారు రంగు ఇంగ్లిష్ అక్షరాలు. కళ్లద్దాలు పైకి జరిపి, కిందికి జరిపి, చివరికి లోపలికి తల పెట్టి అడిగాడు: "ఏం ప్పా, బండికి పోసే ఆయిలా ఇది?"

మా అంగడికి అటు పక్క బైకు మెకానిక్ షెడ్డు, ఇటు పక్క టైర్ల అంగడి. ఆయన అనుకున్నదాంట్లో తప్పేం లేదు. "కాదు తాతా, వంట నూనె. గానుగలో ఆడించింది" అన్నాను. "ఓ, శెనక్కాయ నూనెనా! ఆ ముక్క అక్కడ రాసుకోకూడదా?" అని అర లీటరు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ రోజు మొత్తానికి బేరం అదొక్కటే.

ఆయన చెప్పిన మాట నా బుర్రకెక్కడానికి నాలుగు నెలలు పట్టింది.

అంతకు ముందు పదమూడేళ్లు నేను అనంతపురంలోనే ఒక ఫైనాన్స్ కంపెనీలో వసూళ్ల పని చేశాను. ఊళ్లో ప్రతి సందూ తెలుసు. ఏ ఇంట్లో మనిషి ఏ టైముకు దొరుకుతాడో తెలుసు. ఇంత తెలిసినవాడికి నూనె అమ్మడం ఒక లెక్కా అనుకున్నాను. బాకీ ఉన్నవాడి ఇంటికి మనం వెళ్లడం వేరు, ఏ బాకీ లేని మనిషి జేబులో డబ్బులు పెట్టుకుని మన అంగడికి రావడం వేరు. ఆ తేడా అంగట్లో ఈగలు తోలుకుంటూ కూర్చున్నప్పుడు గానీ తెలియలేదు.

గానుగే ఎందుకంటే, మా నాయన బతికినన్నాళ్లూ శెనక్కాయే వేశాడు. మా జిల్లాలో ఆ పంట గురించి ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. కాయ చేతిలోకి తీసుకుంటే తేమ ఎంత ఉందో, పుచ్చు ఎంత ఉందో నాకు తెలుస్తుంది. చిన్న ఆహార పరిశ్రమల కోసం కేంద్రం 2020లో పెట్టిన పీఎంఎఫ్ఎంఈ పథకం కింద బ్యాంకు లోను, మొత్తం ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ వస్తాయని తెలిసి ధైర్యం చేశాను. చెక్క రోలు, చెక్క రోకలి ఉన్న మోటారు గానుగ రెండు తెచ్చాను. ఒక్కో విడతకు 15 కిలోల విత్తనాలు పడతాయి. గంట ఆడితే ఆరు లీటర్ల నూనె. 2022 శ్రావణమాసంలో ఒక శుక్రవారం కొబ్బరికాయ కొట్టాం.

పేరు, లేబులు, బోర్డు అన్నీ హైదరాబాదులో ఉండే మా బావమరిది చూసుకున్నాడు. వాడు సాఫ్ట్‌వేరు. "బావా, నూనె అమ్మకూడదు, బ్రాండ్ అమ్మాలి" అన్నాడు. వినడానికి బాగుంది. నల్ల లేబులు, బంగారు అక్షరాలు, "ప్రీమియం కోల్డ్ ప్రెస్డ్ గ్రౌండ్‌నట్ ఆయిల్". సీసా మాత్రం నిజంగా అందంగా ఉండేది. మా బంధువులందరూ ఫొటో తీసి స్టేటస్ పెట్టుకున్నారు, ఎవరూ కొనలేదు.

లేబులు గురించి ఇంకొక్క మాట, కొత్తగా దిగేవాళ్లకు పనికొస్తుంది. అందం తర్వాతి సంగతి, ముందు చట్టం అడిగినవి ఉండాలి. తయారుచేసినవాళ్ల పేరు, చిరునామా, ఎంత పరిమాణం, గరిష్ఠ ధర, తయారైన నెల, ఫిర్యాదు చేయడానికి ఫోను నంబరు, కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు. మేము పెట్టినప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారమైతే 100 రూపాయల ఫీజుతో రిజిస్ట్రేషన్ సరిపోయింది. నూనెకైతే లీటర్లతో పాటు బరువు కూడా వేయాలి. లీటరు శెనక్కాయ నూనె 910 గ్రాములు తూగుతుంది. మా సీసా మీద "1 లీటరు, 910 గ్రాములు" అని చూసి, "మిగతా 90 గ్రాములు ఏమైంది?" అని పోట్లాడినవాళ్లు ఇప్పటికి పాతికమంది ఉంటారు. మొదట్లో విసుక్కునేవాణ్ని. ఇప్పుడు కౌంటరు మీద ఒక తూకం పెట్టి, ఒక లీటరు కొలిచి చూపిస్తాను. నీళ్లకంటే నూనె తేలికని బడిలో చదివిందే, తూకం మీద కనపడితే గానీ నమ్మరు. చూసి నమ్మినవాళ్లు మాత్రం ఒక లీటరు తీసుకునే పోతారు.

మొదటి నాలుగు నెలలు ఎలా గడిచాయంటే, లోను కంతు కట్టడానికి మా ఆవిడ చిట్టీ పాడాల్సి వచ్చింది. రాత్రిళ్లు నిద్ర లేదు, ఒకటే టెన్షన్. నూనె బాగుంది, అది మాత్రం నాకు తెలుసు. బాగుంటే జనం వాళ్లే వస్తారనే నమ్మకంతోనే కూర్చున్నాను.

డిసెంబరులో బోర్డు మార్చాం. బావమరిదికి చెప్పలేదు. తెల్ల రేకు మీద ఎర్ర అక్షరాలు, మూరెడు ఎత్తు: "గానుగ శెనక్కాయ నూనె". దాని కింద చిన్నగా "మీ కళ్ల ముందే ఆడిస్తాం". రాసిన పెయింటరు ఒక సలహా కూడా ఇచ్చాడు. "అన్నా, బండి మీద పోయేవాడు మూడు మాటల కంటే ఎక్కువ చదవడు. ఫోను నంబరు కింద రాయి, పక్కన రాయొద్దు." అతని మాట విన్నందుకు ఈరోజుకీ సంతోషమే.

బోర్డుతో పాటు ఇంకో మార్పు చేశాం. అంగడి పెట్టినప్పుడు గానుగలు వెనక గదిలో ఉండేవి, ముందు గాజు అద్దాలు, లైట్లు, వరసగా సీసాలు. చప్పుడు, దుమ్ము కస్టమర్లకు కనపడకూడదని నా తెలివి. ఒక గానుగను ముందుకు తెచ్చి, రోడ్డు మీదికి కనపడేలా బిగించాం. విత్తనాలు నలిగి నూనె దిగడం మొదలైన పది నిమిషాలకు ఆ వాసన టైర్ల అంగడి దాకా పోతుంది. స్కూటర్ ఆపి వాసన చూసి లోపలికొచ్చినవాళ్లే ఆ నెలలో ఎక్కువ. చిన్నప్పుడు ఎద్దు గానుగ చూసిన పెద్దవాళ్లైతే కుర్చీ వేయించుకుని గంటసేపు కూర్చునేవాళ్లు. కొననివాళ్లు కూడా కూర్చునేవాళ్లు, అదీ మంచిదే. నలుగురు కూర్చున్న అంగట్లోకి ఐదోవాడు ధైర్యంగా వస్తాడు.

సొంత శెనక్కాయలు ఉన్నవాళ్లు తెచ్చుకుంటే కిలోకు 15 రూపాయలు తీసుకుని ఆడించి ఇవ్వడం కూడా అప్పుడే మొదలుపెట్టాం. లాభం పెద్దగా లేదు. కానీ పల్లెల నుంచి మూట తెచ్చుకుని, మధ్యలో కదలకుండా రోలు పక్కనే నిలబడి, కారిన చివరి చుక్క వరకూ చూసుకుని పోయే రైతును చూసినవాడెవడూ మా దగ్గర పామాయిల్ కలుపుతారా అని అడగడు.

ఇక పాంప్లెట్ల కథ. దీన్ని వివరంగానే చెప్తాను, ఎందుకంటే నాకు లెక్క నేర్పింది అదే.

2023 జనవరిలో సంక్రాంతికి ముందు 5,000 పాంప్లెట్లు కొట్టించాను. ప్రింటింగు 4,500. పేపర్లలో పెట్టి పంచడానికి కాగితానికి 60 పైసల చొప్పున 3,000. సాయినగర్, రామ్‌నగర్, కమలానగర్ వైపు వేయమన్నాను. వేస్తున్నారో లేదో చూద్దామని తెల్లవారుజామున నాలుగున్నరకు పేపర్లు పంచుకునే చోటికి వెళ్లాను. చలిలో కుర్రవాళ్లు నేల మీద కూర్చుని, ఒక చేత్తో పేపరు విప్పి, ఒక చేత్తో కాగితం తోసి, మూడు సెకన్లకొకటి చేస్తున్నారు. చూస్తుంటే ముచ్చటేసింది. టీ తాగి తిరిగొచ్చేసరికి అందరూ వెళ్లిపోయారు, గోడవారన నా పాంప్లెట్ల కట్ట ఒకటి విప్పకుండా అలాగే ఉంది. కట్ట తెచ్చి అంగట్లో పెట్టుకున్నాను, ఇప్పటికీ చిల్లర లెక్కలు వాటి వెనకే రాస్తాం.

ఆ పాంప్లెట్ మీద "ఈ కాగితం తెస్తే 20 రూపాయలు తగ్గింపు" అని వేశాం. అది మా ఆవిడ ఆలోచన. తగ్గింపు కోసం కాదు, ఎంతమంది కాగితం చూసి వచ్చారో లెక్క తెలియాలని. నెల రోజుల్లో కాగితం పట్టుకుని వచ్చినవాళ్లు 31 మంది. కొన్నది 19 మంది, తలా ఒక లీటరు. నేను పొంగిపోయాను. మా ఆవిడ మాత్రం, "వాళ్లలో మళ్లీ ఎంతమంది వచ్చారు?" అంది. చూస్తే ఏడుగురు.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని లెక్కేశాం. లీటరుకు రెండున్నర కిలోల విత్తనాలు, అప్పటి ధరకు 262 రూపాయలు. నూనె తీశాక మిగిలే శెనగ చెక్క పశువుల మేతకు అమ్మితే 57 వెనక్కి వస్తుంది. కూలి, కరెంటు, సీసా, లేబులు కలిపి 45. అంటే లీటరు మాకు 250 పడుతుంది, 320కి అమ్ముతున్నాం, 70 మిగులు. దాంట్లోంచే అద్దె, కంతు. పాంప్లెట్లకు తగ్గింపుతో కలిపి ఖర్చయింది 7,880. నిలిచిన ఏడుగురికి పంచితే మనిషికి 1,125. ఒక ఇల్లు నెలకు మూడు లీటర్లు కొంటే మాకు మిగిలేది 210. అంటే ఆ ఒక్క మనిషిని తెచ్చుకోవడానికి పెట్టింది వెనక్కి రావడానికే ఐదు నెలలు దాటుతుంది.

దీంట్లో నాకు రెండు సంగతులు కనపడ్డాయి. ఒకటి, ఒక్కసారి కొని పోయేవాడి కోసం ఖర్చు పెడితే మునిగిపోతాం. రెండు, ఆ ఏడుగురూ ఏడాది నిలిస్తే పాంప్లెట్ నష్టమేం కాదు. కాబట్టి కొత్తవాళ్లను తేవడం కంటే వచ్చినవాళ్లు ఎందుకు మళ్లీ రాలేదో కనుక్కోవాలి. ఇది కాలేజీల్లో చెప్పే పాఠమేనని తర్వాత మా బావమరిది అన్నాడు. ముందే చెప్పి ఉండొచ్చు కదరా అన్నాను.

రాని 12 మందికి ఫోను చేశాను. వసూళ్ల పనిలో నేర్చుకున్న విద్య ఒకటి అక్కరకొచ్చింది: అవతలివాళ్లు విసుక్కున్నా మనం విసుక్కోకూడదు. ముగ్గురు రేటు ఎక్కువన్నారు. ఇద్దరు "బజ్జీలు వేస్తే నూనె నురుగొచ్చి పొంగింది, కల్తీ అనుకున్నాం" అన్నారు. ఒకామె సీసా అడుగున మడ్డి ఉందంది. మిగిలిన ఆరుగురు చెప్పింది విని నాకు నవ్వొచ్చింది. "బాగుంది అన్నా, అయిపోయినాక ఇంటి పక్కన అంగట్లో ఏదుంటే అది తెచ్చేసుకున్నాం."

నూనె నచ్చక కాదు, డబ్బా ఖాళీ అయిన రోజు మేము గుర్తుకు రాలేదు. అంతే.

అప్పుడు మొదలైంది మా నోట్‌బుక్. మా ఆవిడ పాల లెక్క రాసుకునే పొడుగు పుస్తకం లాంటిదే కొని గళ్లు గీసింది. పేరు, నంబరు, ఇంట్లో ఎంతమంది, ఏ రోజు ఎన్ని లీటర్లు, ఎప్పటికి అయిపోతుంది. ఈ ఆఖరి గడే అసలుది. నలుగురున్న ఇల్లు రెండు లీటర్లు తీసుకుపోతే ఇరవై రోజులు. పద్దెనిమిదో రోజు మా ఆవిడ ఫోను చేస్తుంది. "అక్కా, నూనె అయిపోవచ్చింటుంది, ఈరోజు ఆడిస్తున్నాం, తీసిపెట్టమంటారా?" ఇంతే మాట. కొనమని అడగదు. నేను చేస్తే కంతు అడిగినట్టే ఉంటుందని నాకు ఆ పని ఇవ్వలేదు.

దీనికంటే ముందు వాట్సాప్‌తో ఒక తెలివితక్కువ పని చేశాను. వాట్సాప్ బిజినెస్‌లో, ఒకే మెసేజి అందరికీ ఒకేసారి పోయే బ్రాడ్‌కాస్ట్ లిస్టు పెట్టి, ఒక్క లిస్టులో 256 మందిదాకా పట్టే చోట 180 మందిని చేర్చి, ఉగాదికి రంగురంగుల పోస్టర్ పంపాను. ఒక్క జవాబు లేదు. జనానికి మన మీద ఇంత చిన్నచూపా అని బాధపడ్డాను. అసలు సంగతేమిటంటే, మన నంబరును వాళ్లు తమ ఫోనులో సేవ్ చేసుకుని ఉంటేనే ఆ బ్రాడ్‌కాస్ట్ అందుతుంది. మా నంబరు సేవ్ చేసుకున్నవాళ్లు లెక్కపెడితే వేళ్ల మీదే సరిపోయారు. ఆ తర్వాత బిల్లు వేసేటప్పుడే, "మా నంబరు 'గానుగ నూనె' అని సేవ్ చేసుకోండక్కా" అని అక్కడికక్కడే చేయించడం మొదలుపెట్టాం. అంగడి పేరుతో వద్దు. మూడు నెలల తర్వాత మా అంగడి పేరు ఎవరికీ గుర్తుండదు, ఫోనులో "గానుగ" అని కొడితే మేము రావాలి.

ఇంతలో ధర దెబ్బ తగిలింది. మేము తెరిచే నాటికి యుక్రెయిన్ యుద్ధం వల్ల సన్‌ఫ్లవర్ నూనె మా వీధి అంగట్లో 200 దాకా పోయి, అప్పుడప్పుడే దిగుతోంది. మా 320కీ దానికీ తేడా చూసి, "ఇంకో వంద పెడితే మంచి నూనే వస్తుంది కదా" అనుకునేవాళ్లు. 2023 ఎండాకాలానికి సన్‌ఫ్లవర్ 110కి పడింది. మా లీటరు డబ్బులకు అది దాదాపు మూడు లీటర్లు వస్తుంది. నోట్‌బుక్‌లో పేర్ల పక్కన ఖాళీలు కనపడసాగాయి.

290కి తగ్గిద్దామన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. "తగ్గించినా 110 అవుతుందా? కాదు. ఉన్న డెబ్బై నలభై అవుతుంది." నిజమే. అప్పుడు నేను కస్టమర్లకు చెప్పే మాటే మార్చాను. అంతవరకూ "ఇంట్లో అన్నిటికీ మా నూనే వాడండి" అనేవాణ్ని. ఇప్పుడు, "బజ్జీలకు, పూరీలకు మీరు వాడేదే వాడుకోండి. తాలింపుకు, ఉగ్గానికి, పొడి అన్నంలోకి, రొట్టె మీదికి ఇది వాడండి" అంటాను. మూడు లీటర్ల ఇల్లు ఒకటిన్నరకు వచ్చింది, నిజమే. కానీ పూర్తిగా పోవాల్సిన ఇల్లు నిలిచింది. నురుగు పొంగిందనే ఫిర్యాదు కూడా తగ్గింది. శుద్ధి చేయని నూనెలో వేపుళ్లు వేస్తే నురుగు రావడం మామూలే, ఆ మాట మేము ముందే చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు ప్రతి సీసాతో ఒక చిన్న చీటీ ఇస్తాం: నురుగు ఎందుకొస్తుంది, మడ్డి ఎందుకు దిగుతుంది, ఎండ తగలని చోట ఎందుకు పెట్టాలి. ఆ చీటీ పాత పాంప్లెట్లకంటే ఎక్కువ పని చేసింది.

200 మిల్లీలీటర్ల చిన్న సీసా కూడా అప్పుడే తెచ్చాం, 70 రూపాయలకు. ఆదివారం పొద్దున ఆర్ట్స్ కాలేజీ మైదానానికి వాకింగ్‌కు వచ్చేవాళ్ల కోసం బయట బల్ల వేసి, జొన్న రొట్టె ముక్క మీద ఎర్రకారం రాసి, పైన అర చెంచా నూనె పోసి ఇచ్చాం. ఒక డాక్టరుగారు మూడు ముక్కలు తిన్నారు. తిని, బల్లకు కట్టిన మా ఫ్లెక్సీ చదివారు.

ఆ ఫ్లెక్సీ మీద నేను రాయించింది: "షుగర్, బీపీ, గుండె జబ్బులకు చెక్! కొలెస్ట్రాల్ లేని నూనె!" ఇలాంటివి అందరూ రాస్తుంటే చూసి నేనూ రాయించాను. ఆయన మెల్లగా పక్కకు పిలిచారు. "బాబూ, మొక్కల నుంచి తీసే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. నువ్వు ప్రత్యేకంగా తీసేసిందేం లేదు. ఇక ఇది తాగితే గుండె జబ్బు రాదని నువ్వెలా చెప్తావు? నా పేషెంటు ఒకాయన మాత్రలు మానేసి ఇలాంటి నూనే వాడుతున్నాడు." తల వంచుకున్నాను. జబ్బు నయం చేస్తుందని ఆహార పదార్థాలకు ప్రకటన ఇవ్వకూడదని 2018 నుంచి ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలే ఉన్నాయని తర్వాత చదివాను. ఫ్లెక్సీ ఆ రోజే విప్పేసి గానుగ కింద పరిచాం. ఆ డాక్టరుగారి ఇంటికి ఇప్పుడు నెలకు రెండు లీటర్లు పోతుంది.

నోట్‌బుక్ ఇంకో సంగతి బయటపెట్టింది. మేము ఆదివారం మధ్యాహ్నం దాకానే తెరిచేవాళ్లం. కానీ పెద్ద డబ్బాలు, అంటే ఐదు లీటర్లవి, ఎక్కువగా ఆదివారం ఒంటిగంట లోపే పోతున్నాయి. కొనేవాళ్ల చిరునామా అడిగితే చాలామందిది బెంగళూరు. మా ఊరి పిల్లలు సగం అక్కడే కదా ఉద్యోగాలు. శనివారం వచ్చి, ఆదివారం సాయంత్రం కారులో తిరిగిపోతూ అమ్మావాళ్లు కట్టిచ్చే సద్దితో పాటు నూనె డబ్బా వేసుకుపోతారు. వాళ్లు బయలుదేరే టైముకు మాత్రం మా షట్టరు మూసి ఉండేది! ఆదివారం రాత్రి ఎనిమిది దాకా తెరిచి, సెలవు మంగళవారానికి మార్చాం. పైసా ఖర్చు లేదు. ఆ ఒక్క మార్పుతో నెలకు ముప్పై డబ్బాలు పెరిగాయి. బెంగళూరు డబ్బా రెండు నెలలు నడుస్తుంది కాబట్టి వాళ్లకు ఫోను చేయం, వాళ్ల అమ్మలకు చేస్తాం.

ఫేస్‌బుక్‌లో కూడా ఒకసారి డబ్బులు పోశాను. 2,000 పెట్టి, జీఎస్టీ 18 శాతంతో 2,360 కట్టి, మా పోస్టు ఎక్కువమందికి కనపడేలా బూస్ట్ కొట్టాను. ఏ ఊరివాళ్లకు కనపడాలో ఎంచుకోకుండా వదిలేశాను. 340 లైకులొచ్చాయి, గుంటూరు, వరంగల్, షార్జా. గుంటూరాయన ఒకరు రెండు లీటర్లు కావాలన్నారు. పంపితే మూత వదులై పార్శిలంతా నూనె. డబ్బులు వాపసు ఇచ్చి, ఆయనకు క్షమాపణ చెప్పి ఆ అధ్యాయం అక్కడితో ముగించాను. మళ్లీ ఎప్పుడైనా పెడితే ఊరి చుట్టూ పది కిలోమీటర్లకే పెడతాను.

గూగుల్ మ్యాప్ సంగతి అలా కాదు. అది ఉచితం, దాన్నే నేను అందరికంటే ఆలస్యంగా పట్టించుకున్నాను. ఎవరో ఎప్పుడో మా అంగడిని పక్క రోడ్డులో పెట్టేశారు. జనం అక్కడికి పోయి ఫోను చేసేవాళ్లు. దాన్ని మన పేరు మీదికి తెచ్చుకోవాలంటే వీడియో తీసి పంపాలి: రోడ్డు, బోర్డు, తాళం తీయడం, లోపల గానుగ, అన్నీ ఒకే వీడియోలో, ఆపకుండా. మొదటిసారి నేను అంగడి లోపలి నుంచే తీసి పంపాను, కుదరలేదు. రెండోసారి రోడ్డు మీద నుంచి మొదలుపెట్టాను, అయింది. వివరాల్లో శెనక్కాయ నూనె, వేరుశనగ నూనె, పల్లి నూనె మూడూ రాశాను. ఇక్కడ ఉద్యోగాలకు వచ్చినవాళ్లలో తెలంగాణ వాళ్లు పల్లి నూనె అని వెతుకుతారు, కోస్తా వాళ్లు వేరుశనగ అని.

అక్కడే మాకు మొదటి ఒక్క స్టారు పడింది. "ఫ్రిజ్‌లో పెడితే గడ్డకట్టింది. పామాయిల్ కలిపారు. మోసం." చదివి ఒళ్లు మండిపోయింది. నాలుగు పేరాల జవాబు టైపు చేశాను, మా నాయన శెనక్కాయ సాగు దగ్గర నుంచి. మా ఆవిడ ఫోను లాక్కుని మొత్తం కొట్టేసింది. మరుసటి రోజు నేనే మూడు గ్లాసుల్లో మా నూనె పోసి మా ఫ్రిజ్‌లో పెట్టి చూశాను. బాగా చల్లగా ఉండే పై అరలో పెట్టింది నిజంగానే చిక్కబడి తెల్లగా మారింది, తలుపు అరలో పెట్టింది మామూలుగా ఉంది. బయట పెట్టిన అరగంటకు అన్నీ మామూలే. శెనక్కాయ నూనె లక్షణమే అది, గట్టి చలికి గడ్డకడుతుంది. ఆ ఫొటోలు పెట్టి, "మీ అనుమానం సబబే అండీ, మేమూ పెట్టి చూశాం. మీ విత్తనాలు తెచ్చుకోండి, మీ ముందే ఊరికే ఆడించి ఇస్తాం, దాన్నీ ఫ్రిజ్‌లో పెట్టి చూడండి" అని రాశాం. ఆయన రాలేదు, స్టారూ మార్చలేదు. కానీ ఆ జవాబు చదివి వచ్చామని చెప్పినవాళ్లు ఉన్నారు. అన్నీ ఐదు స్టార్లే ఉంటే నమ్మబుద్ధి కాదని ఒకమ్మాయి మొహం మీదే చెప్పింది.

2024 సెప్టెంబరులో కేంద్రం దిగుమతి సుంకం పెంచాక సన్‌ఫ్లవర్ మళ్లీ ఎక్కింది. పోయినవాళ్లు కొందరు తిరిగొచ్చారు. అది మా గొప్పేం కాదు, ఆ లెక్క వేరే రాసుకున్నాం. ఇప్పుడు మూడో నోట్‌బుక్ నడుస్తోంది, 400 దాటిన ఇళ్లు. కంప్యూటర్లో ఎక్కించమని బావమరిది పోరు పెడుతున్నాడు. ఎక్కించాలి. ఎక్కించినా "ఎప్పటికి అయిపోతుంది" గడి ఉండాలని మా ఆవిడ షరతు.

పోయిన నెల రెండు వీధుల అవతల ఇంకో గానుగ పెట్టారు. చూసొద్దామని సాయంత్రం నడుచుకుంటూ వెళ్లాను. గానుగ అంగడి ముందే ఉంది, వాసన మలుపు దాకా వస్తోంది. తెల్ల రేకు మీద ఎర్ర అక్షరాలు, "గానుగ శెనక్కాయ నూనె". ఫోను నంబరు కిందే రాశారు. అక్షరాలు మావాటికంటే జానెడు పెద్దవి. రాసింది మా పెయింటరే అయ్యుంటాడు. ఇంటికి రాగానే అతనికి ఫోను చేశాను, మా బోర్డుకు మళ్లీ రంగు వేయడానికి ఎంత తీసుకుంటాడో కనుక్కుందామని.